పెరుగన్నానికి విరిగిన పన్ను

మా మేనమామ కుడి దవడ పన్ను మాట వరంగల్ ధాన్యం మార్కెట్లో చెల్లేది. గొప్ప కోసం చెప్పడం లేదు. రైతు తెచ్చి పోసిన వడ్లు ఎండాయా, ఇంకా పచ్చిగా ఉన్నాయా అనేది అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఎప్పుడూ తెగని పంచాయితీ. రైతు ఎండాయంటాడు, కొనిపించే అడ్తిదారు ఎండలేదంటాడు. అప్పుడు ఇద్దరూ కలిసి మామను పిలిచేవాళ్లు. ఆయన కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు వడ్లు తీసి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదేసి, ఒక్క గింజను ఏరి కుడివైపు కింది దవడ పన్ను మీద పెట్టుకుని కళ్లు మూసుకుని కొరికేవాడు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే ఎండనట్టు. ఆ టక్కుకూ ఆ మెత్తకూ మధ్య మరో పది మెట్లు ఉన్నాయని, అవన్నీ తనకు తెలుసని ఆయన అనేవాడు. "ఇంకొక్క ఎండ కావాలె" అనేవాడు. లేకపోతే "పొద్దుగూకేదాక ఆరబొయ్యి, చాలు" అనేవాడు. ఆ మాట మీద మళ్లీ ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు.

చిన్నప్పుడు సెలవుల్లో ఆయన పక్కన నిలబడి ఆ చప్పుడు వినాలని చూసేదాన్ని. ఒకసారి నేనూ ఒక గింజ కొరికాను. బియ్యం రుచి తప్ప ఏమీ తెలియలేదు. మామ నవ్వి, "చెవులతోని గాదు కోడలా, పంటి మొదలుతోని వినాలె" అన్నాడు. నాకు అది మంత్రంలా అనిపించింది. ఒక మనిషి నోట్లో, అన్నం నమిలే చోట, అంత తెలివి ఎక్కడ దాక్కుందా అని ఆ రాత్రి నాలుకతో నా పళ్లన్నీ తడిమి చూసుకున్నాను.

డెబ్బైల చివర హైదరాబాదులో పంటి వైద్యం చదువు ముగించుకుని వచ్చి, హనుమకొండలో ఒక గది తీసుకుని బోర్డు పెట్టాను. కరెంటు ఉన్నప్పుడు కరెంటు మిషను, లేనప్పుడు కాలితో తొక్కే మిషను. రెండోదాన్ని చూసి ఆడవాళ్లు "జాకెట్లు గూడ కుడ్తవా డాక్టరమ్మా" అని అడిగేవాళ్లు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న మనిషి మీద కోపం చూపకూడదని తొందరగానే నేర్చుకున్నాను. ఆ రోజుల్లో పంటి డాక్టరంటే పన్ను పీకే డాక్టరే. పీకకుండా బాగుచేస్తానంటే నమ్మేవాళ్లు తక్కువ. "పుచ్చిన వంకాయను ఎవలన్న కుట్లేసి వండుకుంటరా" అని ఒక ముసలాయన నన్ను నిలదీశాడు.

అలాంటి రోజుల్లో అత్తమ్మ, అంటే మామ భార్య, వచ్చి ఎండాకాలంలో కూడా మామ నీళ్లు కాచుకుని తాగుతున్నాడని చెప్పింది. నాకు వెంటనే అర్థమైంది. కబురు పెట్టి పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే ఆ కుడి దవడ పన్నే. రెండు వైపులా పక్క పళ్లను ఆనుకునే చోట్ల పుచ్చు పట్టింది. చల్లటిది తగిలితే జివ్వుమని లాగే స్థితికి వచ్చింది.

"పీకుతవా?" అన్నాడు మామ. అంతకుముందు ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"పీకను. అయినా ఎడమ దిక్కు పన్ను మంచిగనే ఉన్నది గద మామా."

"ఎడమ దిక్కుది అబద్ధం చెప్పదు గని, నిజం గూడ చెప్పదు బిడ్డా. గీ పన్ను పోతె మార్కెట్ల నాకేం పనుంటది? కుప్పల పక్కన కూసోని ఈగలు కొట్టుకునుడేనా?"

ఆ పన్ను నిలబెడతానని నేను మాట ఇచ్చాను.

కాలేజీలో మాకు నేర్పినదేమిటంటే, పుచ్చు ఉన్నంత మేరకే తవ్వితే చాలదు, రేపెప్పుడో పుచ్చబోయే గాడులను కూడా కలిపి తవ్వెయ్యాలి. పొలాన్ని గట్ల దాకా దున్నినట్టు. నేను శ్రద్ధగల విద్యార్థిని. పైగా ఇది మా మామ పన్ను, ఊరంతా చూసే పన్ను. ఈ చివరి నుంచి ఆ చివరికి కాలువలా తవ్వాను. నాలుక వైపు ఒక గోడ, బుగ్గ వైపు ఒక గోడ మిగిలాయి. నాలుక వైపు గోడ బాగా పలచబడిందని నా వేలికి తెలిసింది. తెలిసినా, మధ్యలో వెండి నింపుతున్నాను కదా, అదే పట్టుకుంటుందిలే అనుకున్నాను.

వెండి పొడిలో పాదరసం వేసి చిన్న గాజు కల్వంలో నూరితే మెత్తటి ముద్ద అవుతుంది. దాన్ని గుడ్డలో పెట్టి పిండితే ఎక్కువైన పాదరసం చుక్కలు చుక్కలుగా రాలిపోతుంది. మిగిలిన ముద్దను పంటిలో నొక్కుతుంటే కొత్త చెప్పులా కిరకిరమంటుంది. కాసేపటి కింద పళ్లెంలో పరుగెత్తిన లోహం రేపటికల్లా రాయి. పొయ్యి లేకుండా, కొలిమి లేకుండా, మనిషి నోటి వెచ్చదనంలో అది గట్టిపడుతుంది. కొన్ని వందలసార్లు చేసినా ఆ వింత నాకు పాతబడలేదు.

"ఏం పెట్టినవు?" అన్నాడు మామ పుక్కిలించి ఉమ్మేశాక.

మా దిక్కు పంటిలో ఏది నింపినా దాని పేరు సిమెంటే. నేనూ బద్ధకించి, "సిమెంటే మామా. గట్టిపడెటందుకు టైం పడ్తది, జర పైలం" అన్నాను.

మూడో రోజు అత్తమ్మ గాభరాగా వచ్చింది. "నీ మామ మొన్నటి సంది నోరు తెరుస్తలేడు. ఏమడిగినా చెయ్యి ఊపుతాండు. నేనేమన్న అన్ననా, ఇంక ఎవలన్న అన్నరా అని పరేషానైతాన్న" అంది. ఆమె వెనకే మామ నిలబడి ఉన్నాడు. కుడి బుగ్గ బూరెలా ఉబ్బి ఉంది. వాపు వచ్చిందనుకుని అద్దం అందుకుని లేచాను. ఆయన తాపీగా వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లి, పుక్కిట్లో నీళ్లు ఉమ్మేసి, మూతి తుడుచుకున్నాడు.

"సిమెంటుకు నీళ్లు పట్టాలె గద బిడ్డా. పట్టకపోతె పర్రెలిస్తది. స్లాబుకైతే పదిహేను దినాలు పడ్తరు. ఇది చిన్నది గదాని వారం అనుకున్న."

అన్నం తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ తప్ప మూడు రోజులుగా ఆ మనిషి నోట్లో నీళ్లు పట్టుకునే తిరిగాడు. మార్కెట్లో వేళ్లతో సైగలు చేసి పని వెళ్లదీశాడు. అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. నేను నవ్వీ నవ్వీ గోడకు ఆనుకున్నాను. ఇది ఇంటి సిమెంటు కాదని, వెండి అని, నీళ్లు అక్కర్లేదని చెప్తే, "గా ముచ్చట ముందుగాల చెప్పద్దా" అని కసిరాడు. నవ్వు ఆగిన తర్వాత నాకు కొంచెం భయం వేసింది. నేనేది చెప్తే అది నమ్మే మనిషి. అంత నమ్మకానికి సరిపడా పని చేశానా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని తొందరగానే మరిచిపోయాను.

మరిచిపోవడానికి కారణం ఉంది. మామ మళ్లీ గింజ కొరికాడు, మళ్లీ ఆయన మాట చెల్లింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా మామ నోరు తెరిచి చూపించిన ప్రతిచోటి నుంచీ నాకు మనుషులు వచ్చారు. నర్సంపేట నుంచి కూడా బస్సెక్కి వచ్చి, "నీ మామకు పెట్టిన సిమెంటే పెట్టు డాక్టరమ్మా" అని అడిగేవాళ్లు. సిమెంటు పెట్టిన పన్ను దేవుడిచ్చిన పన్ను కంటే గట్టిదని అందరూ నమ్మారు. వద్దన్నా వినకుండా ఒకాయన నా ముందే పోకచెక్క కొరికి చూపించాడు. నిజం చెప్పాలంటే నేనూ సగం నమ్మాను.

నాలుగేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం మామ వచ్చి దస్తీ ముడి విప్పాడు. అందులో తెల్లటి పన్ను ముక్క ఉంది.

"వడ్లు కొరుకుతాంటే విరిగిందా?"

"కాదు బిడ్డా. పొద్దుగాల పెరుగన్నం తింటాంటే. మెతుకులల్ల ఏందో గట్టిగ తగిలింది, తీసి చూస్తె ఇది."

నోరు తెరిపించి చూశాను. నాలుక వైపు గోడ మొత్తం చిగురు దాకా పెళ్లగిలిపోయింది. నేను నింపిన వెండి మాత్రం గీత కూడా పడకుండా మెరుస్తూ నిలబడి ఉంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. నాలుగేళ్లు ఎండిన వడ్లను టక్కుటక్కున విరిచిన పన్ను పెరుగన్నానికి ఎలా విరిగింది? ఆయన్ని రెండు మూడు రోజులాగి రమ్మని పంపించి, తలుపు దగ్గరికేసి కూర్చున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని కోపం అది.

నా దగ్గర ఒక సీసాలో పీకిన పళ్లు ఉండేవి. పక్కనే వెల్డింగ్ షాపు. అందులో బల్లకు బిగించిన వైస్ ఉంది, ఇనుప ముక్కలను రెండు దవడల మధ్య పట్టి బిగించేది. మర్నాడు పొద్దున్నే నాలుగు దవడ పళ్లను ప్లాస్టర్ ముద్దల్లో పాతి అక్కడికి తీసుకుపోయాను. మొదటిది చెక్కుచెదరని పన్ను. రెండోది మామ పన్నులాగే వెడల్పుగా తవ్వి వెండి నింపినది. మూడోది పుచ్చు మేరకే సన్నగా తవ్వి నింపినది. నాలుగోదాన్ని వెడల్పుగానే తవ్వాను కానీ, పైమొనలను కొంచెం తగ్గించి వాటిని కూడా వెండితో కప్పాను. వెండి గట్టిపడాలి కాబట్టి వాటిని ఒకరోజు ముందే చేసి ఉండాల్సింది. ఆ తొందరలో అది కూడా మరిచిపోయి, పరువు తీసుకుని తిరిగి వచ్చి, మళ్లీ మర్నాడు వెళ్లాను.

వెల్డింగ్ షాపాయన ఒక్కొక్క పన్ను మీద సైకిలు బేరింగులోని ఉక్కు గోలీని పెట్టి వైస్ బిగించాడు. చెక్కుచెదరని పన్ను దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. పిడిని రెండు చేతులతో పట్టుకుని తన బరువంతా వేశాడు. పన్ను ఊరుకుంది. "ఇది బొక్కనా, ఇనుమా?" అని నా మొహంలోకి చూశాడు. ఇంకోసారి ఊగి లాగితే అప్పుడు పగిలింది, తుపాకీ పేలినట్టు. రెండోదానికి ఒంటిచేత్తో సగం తిప్పితే చాలు, గోడ ఊడి కింద పడింది. వెండి అలాగే ఉంది. మూడోది దాదాపు మొదటిదాని లాగే మొండికేసింది. నాలుగోది కూడా ఆయనకు చెమటలు పట్టించింది.

ఆ బల్ల ముందు నేను నిలబడిపోయాను. నా చేతిలోని వెండి ఎంత గట్టిదైనా దానికి పన్నుతో చుట్టరికం లేదు. గుంతను నింపుతుంది, గోడను పట్టుకోదు. నమిలిన ప్రతిసారీ గోడలను రవ్వంత బయటికి తోస్తుంది. నాలుగేళ్ల నమలడంలో లోలోపల జుట్టంత పర్రె సాగి సాగి, చివరి తోపు పెరుగన్నం రోజున పడింది. విరిచింది పెరుగన్నం కాదు. అంతకంటే ముఖ్యం, పంటి బలం నేను పెట్టినదానిలో లేదు, నేను తియ్యకుండా వదిలినదానిలో ఉంది. పైన గాజులాంటి పొర, కింద కొంచెం సాగే ఎముకలాంటి పొర, ఏ బంకా కనబడకుండా ఒకదాన్నొకటి పట్టుకుని మనిషి బరువును ఆపాయి. అంతటి కట్టడాన్ని నేను శ్రద్ధగా తవ్వి పారేశానని తెలిసి సిగ్గేసింది. అంత సిగ్గులోనూ ఆ చిన్న పన్నుకు దండం పెట్టాలనిపించింది.

ఎనభైలు ముగిసే ముందు పంటికి అతుక్కునే తెల్లటి పదార్థం నా దగ్గరికి వచ్చింది. గోడలను కలిపి పట్టుకుంటుందని చూసి మురిసిపోయాను. గట్టిపడేటప్పుడు అది ముడుచుకుని, ఆ గోడలనే లోపలికి గుంజుతుందని తర్వాత తెలిసింది. ఏది కొత్తగా వచ్చినా నేను ముందు వెల్డింగ్ షాపుకు వెళ్లడం మాత్రం మానలేదు.

వైస్ పరీక్ష ముగియగానే మామ పన్నుకు మిగిలిన మొనలను తగ్గించి, అచ్చు తీసి, హైదరాబాదులో లోహపు క్యాపు పోయించాను. క్యాపు చూడగానే ఆయన మొహం మాడిపోయింది.

"మూత పెడితే గింజ చెప్పేది నాకెట్ల తెలుస్తది?"

"నువ్వే అన్నవు గద మామా, పంటి మొదలుతోని వినాలె అని. వేరు చుట్టూ సన్న పోగులుంటయి. పంటిని ఎముకల పట్టి ఉంచేటివి అవే, నీకు తెలిపేటివి అవే. మూత పైన గద పెడ్తాన్న."

పుస్తకంలో అలాగే ఉంది. పుస్తకాన్ని అంతకుముందోసారి నమ్మి ఏం చేశానో నాకు తెలుసు కాబట్టి ఈసారి పూర్తిగా నమ్మలేకపోయాను. క్యాపు అతికించిన మర్నాడు ఆయన మూడు మూటల వడ్లు తెచ్చి, ఏది ఏదో తనకు తెలియకుండా మార్చి పెట్టమన్నాడు. ఒకటి నిన్న కోసినవి, ఒకటి ఒక్క ఎండ తిన్నవి, ఒకటి మూడు ఎండలు తిన్నవి. నేను మార్చి పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని ఒక్కో గింజ కొరికాడు. మూడూ సరిగ్గా చెప్పాడు. మళ్లీ మార్చాను, మళ్లీ చెప్పాడు. లోహం కింద, నేను పాడుచేసిన పన్ను కింద, ఆ తెలివి చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది. నేను ఏడ్చేశాను. "పిచ్చిదానా" అని నా తల నిమిరాడు.

అయినా ఆ పంట కాలం మామను కుప్పల దగ్గరికి పిలవడం తగ్గింది. అడ్తిదారులు ఇంకొకాయన్ని పిలుస్తున్నారని అత్తమ్మ చెప్పింది. మామను అడిగితే "నాకు గూడ జర తీరిక కావాలె" అని దాటేశాడు. నా క్యాపే చెడగొట్టిందని, గదిలో చెప్పగలిగినవాడు మార్కెట్ గోలలో చెప్పలేకపోతున్నాడని అనుకున్నాను. దాన్ని ఊడదీసి ఇంకోటి చేయించాలా అని చాలా రోజులు కుమిలిపోయాను.

అప్పుడు నర్సంపేట దిక్కు నుంచి ఒక రైతామె దవడ పన్ను చూపించుకోవడానికి వచ్చింది. వడ్లు అమ్మి అటునుంచి అటే వచ్చానంది. నేను గుంతను శుభ్రం చేస్తుంటే మధ్యలో ఉమ్మేసి నవ్వింది.

"నీ మామ రాయి కొరికిండట గద డాక్టరమ్మా. ముప్పై ఏండ్ల సంది గింజ ఏరెటోనికి రాయికి గింజకు తేడా తెల్వకపాయె. కండ్లు మందగిచ్చినయని గిప్పుడు ఎవలు పిలుస్తలేరు."

"రాయి కొరికిండని ఎవలు చెప్పిండ్లు?"

"ఎవలో ఎందుకు చెప్తరు? ఆయనే చెప్పిండు. పన్నెట్ల విరిగింది అని అడిగినోళ్లందరికి గదే చెప్పిండు."

నా చేతిలోని అద్దం ట్రేలో పెట్టేశాను. పెరుగన్నానికి విరిగిందంటే, సిమెంటు పెట్టిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. రాయికి విరిగిందంటే కొరికినవాడిదే తప్పు. గింజ పట్టి చూసేవాడికి రాయి కొరకడాన్ని మించిన నగుబాటు లేదు. ఆయన ఆ నగుబాటును ఎంచుకుని, నా బోర్డు కింద మనుషులు వరసలో కూర్చునేలా చూసి, తను కుప్పల పక్కన ఖాళీగా కూర్చున్నాడు. నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. నేనేమో నా క్యాపు గురించి దిగులుపడుతూ ఉన్నాను.

బయట బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లకు కూడా వినబడేలా చెప్పాను.

"రాయి గాదు. ఆ పన్ను నేను ఎక్కువ కోసిన. గోడ పలచగైందని తెలిసి గూడ వెండి నింపిన. అందుకే విరిగింది, అది గూడ పెరుగన్నం తింటాంటే. ఆయన కండ్లు మంచిగున్నయి, పన్ను మంచిగున్నది. నేను మూడు తీర్ల వడ్లు పెట్టి చూసిన. ఈ మాట నువ్వు మార్కెట్ల గూడ చెప్పాలె."

ఆమె కుర్చీలోంచి లేచిపోతుందనుకున్నాను. లేచినా నేను ఆపేదాన్ని కాదు. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది, బయట కూర్చున్నవాళ్లను చూసింది, కొంగుతో మూతి తుడుచుకుని మళ్లీ వెనక్కి వాలింది.

"చెప్త" అంది. "నాది జర తక్కువ కొయ్యి బిడ్డా." నోరు తెరిచింది.